పచ్చబొట్టున్న చెయ్యి: నూలు వడికే ఆవిడకు అద్దం చికిత్స

ఆవిడకు 58 ఏళ్ళు. పొందూరు చుట్టుపక్కల పల్లె. పన్నెండో ఏట రాట్నం ముందు కూర్చుంది, ఇప్పటికీ అదే పని. రాసేది, తినేది కుడిచేత్తోనే. వడికేటప్పుడు కుడిచేత్తో చక్రం తిప్పుతుంది, ఎడమచేత్తో ఏకు, అంటే వడకడానికి చుట్టిన దూది వత్తి, పట్టుకుని దారం లాగుతుంది. పక్షవాతం ఎడమవైపు వచ్చింది. ఈ చివరి రెండు వాక్యాలనూ కలిపి చదవాలని నాకు మూడో వారానికి గాని తట్టలేదు. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టుని. క్లినిక్ ఉంది, ఇళ్ళకూ వెళ్తాను. నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది పక్షవాతం వాళ్ళే. ఈ కేసు సంగతి రాసుకోమని ఆవిడా, కోడలూ ఇద్దరూ చెప్పారు. పేరూ, ఊరి పేరూ మాత్రం వద్దనుకున్నాం.

ఎలా జరిగింది

దసరా వెళ్ళిన వారం. తెల్లవారుజామున వాకిలి ఊడవడానికి లేచింది. ఎడమకాలు ఈడ్చుకుపోతోంది, చెయ్యి వేలాడిపోయింది, గుమ్మం దగ్గర కూలబడింది. బీపీకి మూడేళ్ళుగా మాత్రలు వాడుతోంది. అంతకు రెండు నెలల ముందు మానేసింది. ఎందుకని అడిగితే, "తలనొప్పి లేదు గదా, ఇంకెందుకనీసి ఒగ్గీసినాను" అంది. మా వైపు సగం పక్షవాతాల వెనక ఈ మాటే ఉంటుంది. బీపీ ఎక్కువైనా చాలామందికి తలనొప్పి రాదనీ, ఒంట్లో ఏమీ తెలియకుండానే అది రక్తనాళాల్ని తినేస్తుందనీ ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. నిద్రలో వస్తే ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి, మనిషి ఆఖరిసారి బాగా కనిపించినప్పటి నుంచి లెక్క. ఆవిడ ముందు రోజు రాత్రి తొమ్మిదికి పడుకుంది. అంటే ఆ దారి మూసుకుపోయింది. సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదు. మెదడు కుడి పక్క, మధ్య మస్తిష్క ధమని వెళ్ళే ప్రాంతంలో రక్తం అందక కొంత భాగం దెబ్బతింది. ఎనిమిది రోజులుండి ఇంటికొచ్చారు.

కాలు నెలలో తేరుకుంది. కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడిచేది. కాలు ముందు రావడం, చెయ్యి వెనకబడటం ఈ ధమని విషయంలో మామూలే. ఇంట్లో వాళ్ళు చేతికి నూనె రాసి తోమారు, ఎవరో చెబితే పావురం రక్తం కూడా రాశారు. నా దగ్గరికొచ్చింది ఏడో వారంలో.

వచ్చినప్పుడు చూసింది

చెయ్యెత్తమంటే భుజం పైకి లేచేది, మోచెయ్యి లోపలికి ముడుచుకునేది, రెండూ ఒకేసారి. విడివిడిగా ఏదీ రాదు. మణికట్టు అసలు లేవదు. వేళ్ళు కొంచెం ముడుచుకుంటాయి, తెరుచుకోవు. భుజం కీలు గూటిలోంచి ఒక వేలి మందాన కిందికి జారింది, నొప్పి పదికి ఆరు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర బిగుతు ఉంది, సవరించిన ఆష్‌వర్త్ కొలతలో 1+, అంటే కొద్దిపాటి బిగుతు. చేతిమీద దూదితో ముడితే మూడుసార్లలో ఒకసారి తెలిసేది.

ఫ్యూగల్-మేయర్ పరీక్షలో చేతికి మొత్తం 66 మార్కులు. ఆవిడకు 17. అందులో 15 భుజం, మోచెయ్యి, ముంజేతివి. మణికట్టుకు సున్నా, వేళ్ళకు 2. చెక్కముక్కల పరీక్ష కూడా చేశాను. ఒక నిమిషంలో ఒక అరలోంచి ఇంకో అరలోకి ఎన్ని ముక్కలు వేస్తారో లెక్కపెట్టడం. కుడిచేత్తో 49 వేసింది. ఎడమచేత్తో సున్నా.

ఇంకో సంగతి పరీక్ష కంటే ముందు కోడలు చెప్పింది. "పళ్ళెంలో కుడేపు అన్నం తినీసి, కూరెయ్యలేదని నన్ను తిడతంది. కూర ఎడమేపే ఉంటాది." మెదడు కుడి సగం దెబ్బతిన్నప్పుడు కొందరికి ఎడమ పక్క ప్రపంచమే స్పృహలోంచి జారిపోతుంది. కన్ను కనపడక కాదు, ధ్యాస అటు వెళ్ళక. దీన్ని నెగ్లెక్ట్ అంటాం. కాగితం మీద చెదిరిన చిన్న నక్షత్రాల్ని కొట్టేయమనే పరీక్షలో 54కి 41 కొట్టింది. వదిలేసినవి దాదాపు అన్నీ ఎడమ అంచువే. 44 కంటే తగ్గితే నెగ్లెక్ట్ ఉన్నట్టు లెక్క. తీవ్రంగా లేదు గానీ ఉంది.

అద్దమే ఎందుకు

మంచి చేతిని కట్టేసి పనిచేయని చేతితోనే చేయించే పద్ధతి ఒకటుంది, ఫలితాలు బాగుంటాయి. కానీ దానికి మణికట్టూ వేళ్ళూ కొంచెమైనా లేవాలి. ఈవిడకు అసలేమీ లేవవు. కదలిక లేని చేతికి కదలిక నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే చిక్కు. అలాంటి చోట అద్దం పనికొస్తుంది, మంచి చేతి కదలికను అద్దంలో పనిచేయని చేతి కదలికలా చూపించడం.

మనవాళ్ళు తరచూ అడుగుతారు, ఇది ఎక్కడి వైద్యం అని. తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నాడీశాస్త్రవేత్త వి. ఎస్. రామచంద్రన్ 1990లలో చెయ్యి తెగిపోయిన వాళ్ళ మీద దీన్ని ప్రయత్నించాడు. లేని చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి నొప్పి పుడుతోందని చెప్పే వాళ్ళకు, ఉన్న చేతిని అద్దంలో చూపిస్తే లేని చెయ్యి కదులుతున్నట్టు అనిపించింది, కొందరికి నొప్పి తగ్గింది. 1999లో ఆల్ట్‌షులర్, రామచంద్రన్ తదితరులు తొమ్మిది మంది పక్షవాత రోగుల మీద చేసిన చిన్న ప్రయత్నం లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత 2008లో టర్కీలో యావుజర్ బృందం 40 మందితో, 2009లో జర్మనీలో డోలె బృందం 36 మందితో చేశారు. యావుజర్ వాళ్ళ రోగుల్లో చేతి పనితీరు బాగుపడింది, బిగుతు మాత్రం తగ్గలేదు. డోలె వాళ్ళ అధ్యయనంలో మణికట్టు నుంచి కిందికి కదలికే లేని వాళ్ళకు ఆ భాగంలో మేలు కనబడింది. 2018 నాటి కాక్రేన్ సంస్థ సమీక్ష 62 అధ్యయనాలు, 1,982 మంది రోగుల్ని కలిపి చూసి, మిగతా చికిత్సకు తోడుగా అద్దాన్ని వాడితే కదలికకూ రోజువారీ పనులకూ ఉపయోగం ఉందని తేల్చింది. తోడుగా అన్న మాట ముఖ్యం.

నెగ్లెక్ట్ మీద మన దేశంలో కూడా పని జరిగింది. లూధియానాలో జయరాజ్ పాండియన్ బృందం 48 మంది మీద చేసిన పరీక్ష 2014లో వచ్చింది, అద్దం వాడిన వాళ్ళలో మరిచిపోయిన పక్క మీద ధ్యాస మెరుగైంది. ఈవిడకు రెండు సమస్యలూ ఉన్నాయి కాబట్టి ఒకే అద్దంతో రెండూ చూద్దామనుకున్నాను.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేం. ఇతరుల కదలిక చూస్తే మనలో స్పందించే నరకణాల వల్ల అని ఒకప్పుడు అందరూ ఒకే మాట చెప్పేవారు. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పరు. అద్దంలో కదిలే చేతిని చూస్తుంటే దెబ్బతిన్న పక్క కదలిక కేంద్రం చురుకవుతుందనీ, మరిచిపోయిన చేతి మీదికి ధ్యాస తిరిగొస్తుందనీ చెప్పవచ్చు. నేను రోగులకు ఇంకా చిన్నగా చెబుతాను. "మెదడు కంటిని నమ్ముతాది. కంటికి ఆ సెయ్యి కదిల్నట్టు సూపిద్దాం."

అద్దం, బల్ల, గాజులు

అద్దం శ్రీకాకుళంలో దేవుడి పటాలు కట్టే షాపులో చేయించాను. 18 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల పొడవు, వెనక ప్లైవుడ్, నిలబడటానికి రెండు పాదాలు, అంచులకు టేపు. ప్లాస్టిక్ అద్దం తేలిగ్గా ఉంటుంది గానీ వంగి బొమ్మ సాగిపోతుంది, చెయ్యి చెయ్యిలా కనబడదు. గాజు అద్దమే మంచిది.

బల్ల మధ్యలో, మనిషి ఛాతీకి ఎదురుగా, నిలువుగా పెడతాం. మెరిసే వైపు మంచి చేతి పక్కకు. పక్షవాతం చెయ్యి అద్దం వెనక, కనబడకుండా, మెత్తటి తువ్వాలు మీద. మనిషి కొంచెం ఎడమకు తల తిప్పి అద్దంలోకి చూస్తుంటే, కుడిచేతి బొమ్మ సరిగ్గా ఎడమచెయ్యి ఉండాల్సిన చోట కనబడుతుంది. కుడిచెయ్యి నెమ్మదిగా కదిలిస్తూ, ఎడమచెయ్యి కూడా అలాగే కదలాలని వెనక ప్రయత్నించాలి. రాకపోయినా ప్రయత్నించాలి.

రెండు చేతులూ ఒకేలా ఉండాలి, లేకపోతే మాయ కుదరదు. ఉంగరం, గడియారం తీయించాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది. గాజుల సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి ఎడమచేతి గాజులు తీసేశారు, కుడిచేతికి నాలుగు మట్టి గాజులున్నాయి. కుడిచేతివి తియ్యమంటే భర్త బతికుండగా తీయనంది. సరే, ఎడమచేతికే అవే నాలుగు వేయించాం. వేళ్ళు సబ్బు నీళ్ళతో తడిపి ఒక్కోటీ ఎక్కించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు చికిత్స అంతే. కానీ గాజులు పడ్డాక ఆవిడ ఆ చేతివైపు తానుగా రెండుసార్లు చూసింది.

మర్నాడు అసలు మొదలుపెట్టాం. ముంజెయ్యి బోర్లించడం, వెల్లకిల తిప్పడం. రెండు నిమిషాలు చూసి ఆగిపోయింది.

"ఈ సెయ్యి నాది కాదమ్మా."

నెగ్లెక్ట్ ఉన్న వాళ్ళలో కొందరు తమ చేతిని తమది కాదనడం ఉంది. అదేనేమో అని నా నోట్సులో రాసుకున్నాను కూడా. ఆవిడ కుడిచెయ్యి ముందుకు చాపింది. మణికట్టు పైన పచ్చబొట్టు, చుక్కల ముగ్గులాంటిది, చిన్నప్పుడు పొడిపించుకున్నది. ఎడమచేతికి లేదు. "నా ఎడం సేతికి బొట్టెప్పుడు పొడిపించుకున్నాను? ఇదెవుల్దో సెయ్యి." మెదడు జబ్బు అని నేను రాసుకున్నది, ఆవిడ చూపు ఎంత సరిగ్గా ఉందో చెప్పే మాట. పాత ఖద్దరు జాకెట్టు చేతులు రెండు కత్తిరించి రెండు ముంజేతులకూ తొడిగాం. మళ్ళీ ఆ మాట రాలేదు. నోట్సులో ఆ లైను కొట్టేశాను.

ఏం చేశాం

ఆరు వారాలు, వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట అనుకున్నాం. అరగంట ఒకేసారి కుదరలేదు, పదిహేను నిమిషాలు దాటితే ఆవిడ ధ్యాస చెదిరేది. పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను చేశాం. వారానికి రెండు రోజులు నేను వెళ్ళేదాన్ని, మిగతా మూడు రోజులు ఇంట్లో వాళ్ళే. కోడలికి తన నూలు తనకుంది, రోజంతా కూర్చోలేదు. అందుకని ఎనిమిదో తరగతి చదివే మనవడికి ఒప్పగించాం. గోడ క్యాలెండరు మీద ప్రతి పూటకూ ఎర్ర పెన్సిలుతో గీత పెట్టేవాడు. అరవై గీతలు రావాలి. నలభై ఏడు వచ్చాయి.

దీంతో పాటు మామూలు వ్యాయామం కూడా రోజూ ఉంది. భుజం కింద దిండు పెట్టి సరిగ్గా ఉంచడం, చేతిమీద బరువు మోపి కూర్చోవడం, బల్లమీద తువ్వాలుతో చెయ్యి జరపడం. ఇవి రాసేది ఎందుకంటే, వచ్చిన ఫలితమంతా అద్దం ఖాతాలో వేయకూడదు.

మొదటి పది రోజులు ఏమీ కదల్లేదు. మొదటిసారి అద్దంలో "ఎడమచెయ్యి" తెరుచుకోవడం చూసి ఏడ్చింది, తర్వాత తల తిరుగుతోందంది. ఇది కొందరికి అవుతుంది. ఆపి, రెండు నిమిషాలు మామూలుగా చెయ్యి చూడనిచ్చి, మళ్ళీ పెట్టాం. మూడో రోజుకు తగ్గింది. ఏడుపు తగ్గింది, తల తిరగడం తగ్గింది, చెయ్యి మాత్రం అలాగే ఉంది.

తప్పు నేను కూర్చున్న చోటులో ఉందని తర్వాత తెలిసింది. ఆవిడ ఎడమ పక్కన కూర్చుని, అద్దం వెనక చెయ్యి ఏమైనా కదులుతోందా అని దాన్నే చూస్తున్నాను. ఒకరోజు మనవడు ఎదురుగా నిలబడి, "మామ్మ అద్దంలోకి సూడట్లేదు, ఆ సేతినే సూస్తంది" అన్నాడు. ఎదురుగా వెళ్ళి చూశాను. నిజమే. అద్దంలో బొమ్మ ఎడమవైపు ఉంటుంది, నెగ్లెక్ట్ చూపును కుడివైపు లాగుతుంది. ఆవిడ అరగంటా తన మంచి చేతిని చూసుకుంటోంది, అంటే పది రోజులుగా చేసింది అద్దం చికిత్స కాదు.

రెండు మార్పులు చేశాం. కుడిచేతి మీద తువ్వాలు గుడారంలా కట్టాం, పైనుంచి చూస్తే అసలు చెయ్యి కనబడదు, పక్క నుంచి అద్దంలో మాత్రమే కనబడుతుంది. అద్దం ఎడమ అంచున పై నుంచి కింది దాకా ఎర్ర దారం అతికించాం. ప్రతి కదలిక మొదలుపెట్టే ముందు కళ్ళు ఎర్ర దారాన్ని తాకి రావాలి. మనవడి ఉద్యోగం ఎదురుగా కూర్చుని కళ్ళు కాపలా కాయడం. "మామ్మా, ఎర్ర దారం" అని వాడు రోజుకు ఎన్నిసార్లు అరిచేవాడో. పదిహేనో రోజున అద్దం వెనక మణికట్టు కొంచెం లేచింది. నేను చూశాను, కోడలు చూసింది. ఆవిడకు మాత్రం కనబడలేదు, అద్దం అడ్డం కదా.

దారం తెగిన రోజు

మూడో వారంలో నాకొక ఆలోచన వచ్చింది. ఉత్తినే చెయ్యి తెరువు మూయి అనే కంటే, మనిషికి తెలిసిన పని ఇస్తే మంచిదని అందరం నేర్చుకున్నదే. ఆవిడ జీవితమంతా చేసింది నూలు లాగడం. అద్దంలో ఆవిడ ఎడమచెయ్యి దారం లాగుతున్నట్టు కనబడితే ఎంత బాగుంటుంది! రాట్నం పక్కన బల్ల వేయించాను. చక్రం కోడలు తిప్పింది. కుడిచేత్తో ఏకు పట్టుకుని లాగమన్నాను.

తెగింది. మళ్ళీ లాగింది, ముద్ద కట్టి తెగింది. అయిదోసారికి ఏకు బల్లమీద విసిరికొట్టి, "ఎత్తీయండమ్మా దీన్ని" అంది. ఆ సాయంత్రం పూట గీత పడలేదు, మర్నాడు కూడా పడలేదు.

పొందూరు సన్న ఖద్దరు గురించి తెలిసిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, అవి నలగకుండా అరటి దూట పొరలో చుట్టి ఉంచి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. దారం సన్నదనమంతా లాగే చేతి వేళ్ళలో ఉంటుంది. ఆ వేళ్ళు ఆవిడ ఎడమచేతివి. కుడిచెయ్యి జీవితమంతా చక్రం తిప్పింది, దానికి లాగడం రాదు. అద్దంలో ఆవిడకు నేను చూపించింది ఏమిటంటే, తన ఎడమచెయ్యి మొద్దుబారి, చిన్నపిల్ల చెయ్యిలా దారం తెంపుకోవడం. నయం చేస్తానని వచ్చి, పోగొట్టుకున్నదేదో అదే తిరగేసి ముఖం ముందు పెట్టాను.

పుస్తకాల్లో ఇది ఎందుకు కనబడదో తర్వాత ఆలోచించాను. వాటిల్లో ఇచ్చే పనులు గ్లాసు పట్టుకోవడం, బంతి నొక్కడం, పేక ముక్క తిప్పడం. రెండు చేతులకూ దాదాపు సమానంగా వచ్చేవి. చేతి పని మీద బతికిన మనిషి దగ్గరికొచ్చేసరికి రెండు చేతులూ రెండు వేరువేరు పనివాళ్ళు. వీణ వాయించేవాళ్ళకయినా, బుడితిలో ఇత్తడి కొట్టేవాళ్ళకయినా ఇదే చిక్కు వస్తుందనుకుంటాను. ఒక చేతి విద్యను అద్దం రెండో చేతికి ఇవ్వలేదు.

దారి ఆవిడే చూపించింది. రెండు రోజుల తర్వాత వెళ్తే కోడలు పత్తి ఏరుతోంది. ఈవిడ కుడిచేత్తో ఒక దూది ముద్ద పట్టుకుని బల్లకు ఆనించి ఒంటి చేత్తోనే విప్పడానికి చూస్తోంది. దూది ముద్దను విప్పడం రెండు చేతులూ ఒకేలా చేసే పని. రెండు వేళ్ళతో పట్టి, మెత్తగా దూరం లాగి, వదలడం. వదలడం అన్నదే మాకు కావలసింది, వేళ్ళు తెరుచుకోవాలి కదా. అద్దం ముందు దూది ముద్ద పెట్టాం, వెనక ఎడమచేతి వేళ్ళ మధ్య ఇంకో ముద్ద. కుడిచెయ్యి విప్పుతుంటే వెనక నేను ఎడమ వేళ్ళకు ఆసరా ఇచ్చాను. పీకు, సాగదియ్యి, ఒగ్గు. పీకు, సాగదియ్యి, ఒగ్గు. ఆ పూట పదిహేను నిమిషాలు కాదు, ఇరవై అయిదు నిమిషాలు చేసింది, నేను ఆపితేనే ఆపింది.

తర్వాత బల్లమీద ఏకు దొర్లించడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, కొబ్బరి పీచు విడదీయడం చేర్చాం. అయిదో వారంలో అద్దం తీసేసి అదే పని రెండు చేతులతో నేరుగా అయిదు నిమిషాలు, మళ్ళీ అద్దం, ఇలా మార్చి మార్చి చేశాం. అద్దంలో చూసింది అద్దం లేకుండా కూడా వెంటనే చేసి చూడకపోతే నేర్చుకున్నది అక్కడే ఉండిపోతుంది. ఈ భాగం ఎంత చెప్పినా చాలామంది ఇళ్ళలో వదిలేస్తారు.

సంక్రాంతి

ఆరో వారం మధ్యలో పెద్ద పండగ. చుట్టాలు వచ్చారు, తొమ్మిది రోజులు గీతల్లేవు. దాని గురించి నాకు బెంగ లేదు. దూరపు బంధువొకాయన, పక్షవాతం బాగు చేయడం తెలుసంటూ, చెయ్యి పట్టుకుని పైకి లాగి తిప్పాడు. జారిన భుజాన్ని లాగడం కంటే చెడ్డ పని లేదు. చేతిని పట్టి లేవదీయడం, చంక కింద చెయ్యేసి మంచం మీద జరపడం కూడా అంతే. గూట్లో నిలబెట్టే కండరాలు పనిచేయనప్పుడు ఆ బరువంతా కీలు చుట్టూ ఉన్న పొరలమీద పడుతుంది. నేను వెళ్ళేసరికి మూడుకు తగ్గిన నొప్పి ఏడుకు ఎక్కింది, రాత్రిళ్ళు నిద్ర లేదు. డాక్టరు రాసిన మందులతో, దిండుతో, పది రోజులు భుజం ముట్టకుండా ఉండి సరిచేసుకున్నాం. ఆ పది రోజులూ అద్దం మాత్రం ఆపలేదు, మణికట్టు, వేళ్ళ వరకే. భుజం నొప్పి ఉన్నప్పుడు కూడా చేయగల పని మిగలడం అద్దంలో నాకు నచ్చే విషయాల్లో ఒకటి.

మంచం దగ్గర గోడమీద కాగితం అంటించాను, "ఎడమచెయ్యి లాగకండి" అని పెద్దక్షరాలతో. మొదటి రోజే అంటించాల్సింది.

అంకెలు

ఫ్యూగల్-మేయర్ మొదట 17. మూడో వారం చివర 21. జనవరి చివర చికిత్స ముగిసేసరికి 30. మార్చిలో మళ్ళీ చూస్తే 33. విడదీసి చూస్తే భుజం, మోచెయ్యి, ముంజెయ్యి 15 నుంచి 19కే వచ్చాయి. మణికట్టు సున్నా నుంచి 4, వేళ్ళు 2 నుంచి 7. అంటే పెరిగిన 13లో 9 మణికట్టు నుంచి కిందవే. మామూలుగా పక్షవాతంలో చెయ్యి భుజం నుంచి కిందికి తేరుకుంటుంది, వేళ్ళు ఆఖరున వస్తాయి, చాలామందికి రానే రావు. ఇక్కడ కింద నుంచి ఎక్కువ రావడం అద్దం పనే అయ్యుండొచ్చని నా అనుమానం. మేం అద్దంలో చూపించింది వేళ్ళనే.

చెక్కముక్కలు నిమిషానికి సున్నా నుంచి 4, మార్చిలో 9. కుడిచేతి 49 ముందు అది ఎంత? అయినా తొమ్మిది ముక్కలు వేసే చెయ్యి గిన్నె అంచు పట్టుకుంటుంది, కొంగు సర్దుకుంటుంది, పళ్ళెం జరగకుండా ఆపుతుంది. నక్షత్రాలు 41 నుంచి 52. కూర వెయ్యలేదని కోడల్ని తిట్టడం పోయింది, ఇప్పుడు ఉప్పు తక్కువైందని తిడుతోంది. బిగుతు మారలేదు, 1+ దగ్గరే ఉంది. స్పర్శ కొంచెం మారింది, మూడుకు రెండుసార్లు తెలుస్తోంది.

ఇప్పుడు ఈ అంకెల్ని నేనే అనుమానించాలి. మొదటి మూడు నెలల్లో మెదడు తానుగా కొంత కోలుకుంటుంది, మేం మొదలుపెట్టింది ఏడో వారం, ఆ కోలుకోవడం ఇంకా సాగుతోంది. మామూలు వ్యాయామం పక్కనే ఉంది. బీపీ మాత్రలు మళ్ళీ వేసుకుంటోంది. మార్కులు వేసింది నేనే, బాగుపడాలని కోరుకున్నదీ నేనే. ఒక్క మనిషి మీద పెట్టిన అద్దం ఏదీ రుజువు చేయదు. నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. చూపు సరిచేయక ముందు పది రోజుల్లో ఏమీ లేదు, సరిచేశాక అయిదో రోజుకు మణికట్టు లేచింది. అది కాకతాళీయం కూడా కావొచ్చు, కానీ అప్పటి నుంచి ఏ రోగి దగ్గరా నేను పక్కన కూర్చోవడం లేదు. ఎదురుగా కూర్చుని కళ్ళు చూస్తున్నాను.

అందరికీ పెట్టకూడదు కూడా. చెప్పింది అర్థం కాని వాళ్ళకు, ఆసరా లేకుండా కూర్చోలేని వాళ్ళకు, చూపు బాగా దెబ్బతిన్న వాళ్ళకు, ఎంత తిప్పినా ఎడమకు కళ్ళు రాని తీవ్రమైన నెగ్లెక్ట్‌కు ఇది సరిపోదు. యూట్యూబులో చూసి బీరువా అద్దం ముందు నిలబెడుతున్నారు కొందరు. అద్దంలో మనిషంతా కనబడితే అది సింగారించుకోవడమే, మనకు కావలసింది ఒక్క చెయ్యి.

మార్చిలో వెళ్ళేసరికి ఆవిడ పత్తి ఏరి, దూది విప్పి, ఏకులు చుడుతోంది. ఎడమచెయ్యి పట్టుకుంటుంది, కుడిచెయ్యి దొర్లిస్తుంది. వడకడం కోడలిది. దారం లాగడం ఆ చేతికి తిరిగి రాలేదు. వస్తుందని నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. చుట్టిన ఏకుల లెక్క మాత్రం అడక్కుండానే చెప్పింది, పొద్దున్నుంచి పద్దెనిమిది.

అద్దం తిరిగి తెచ్చుకున్నాను. ఒక మూల బీటువారింది, మనవడి క్రికెట్ బంతి. టేపు వేశాను. ఎర్ర దారం అలాగే ఉంచాను.

ఆ వారమే పలాస నుంచి జీడి పిక్కలు కొట్టే ఆవిడ వచ్చింది, 51 ఏళ్ళు, కుడివైపు పక్షవాతం. బల్ల వేసి అద్దం తీయబోయి ఆగాను. ముందు రెండు చేతులూ పక్కపక్కన పెట్టమన్నాను. ఎడమచేతి వేళ్ళు జీడి రసానికి నల్లబడి, చర్మం లేచిపోయి ఉన్నాయి. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. ఏ చేత్తో పిక్క పెడతావు, ఏ చేత్తో మిషను నొక్కుతావు అని అడిగాను. పలచటి రబ్బరు తొడుగులు రెండు జతలు తెమ్మని కొడుకును మందుల షాపుకు పంపాను.